గంట కొట్టే బొమ్మ కోసం

పదకొండున్నర దాటిందంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో కాళ్ళన్నీ ఒకే దిక్కు పడతాయి. పింగాణీ జాడీల ముందు తీరిగ్గా నిలబడిన తండ్రి చెయ్యి పట్టుకుని కూతురు లాగుతుంటుంది. దంతపు కుర్చీల దగ్గర ఆగిన తల్లిని కొడుకు తొందరపెడుతుంటాడు. గడియారం దగ్గరికి చేరేసరికి బల్లలన్నీ నిండిపోయి ఉంటాయి. వెనక నిలబడ్డవాళ్ళు చిన్నపిల్లల్ని భుజాలకెత్తుకుంటారు. గంటకు మూడు నిమిషాల ముందు గడియారం లోపలి తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికి వస్తుంది. పక్కన కమ్మరి బొమ్మ సెకనుకో సమ్మెట దెబ్బ వేస్తూ తన పని తను చేసుకుపోతుంటుంది. పన్నెండు కాగానే గడ్డం బొమ్మ గంట మీద దెబ్బలు మొదలెడుతుంది. పిల్లలు గట్టిగా లెక్కపెడతారు. పన్నెండో దెబ్బ అయ్యాక బొమ్మ లోపలికి వెళ్ళిపోతుంది. జనం లేచి చీరలు, చొక్కాలు దులుపుకుంటారు.

ఇంతే. దీనికోసమే ఊళ్ళ నుంచి బస్సులెక్కి వస్తారు.

కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ కంపెనీ అమ్మిన గడియారం అది. భాగాలు ఇంగ్లండులో తయారైతే ఇక్కడ కూర్చారు. లోపల 350కి పైగా విడిభాగాలున్నాయి. కళాచరిత్ర చదువుకున్నవాళ్ళ లెక్కలో అది మ్యూజియంలోని గొప్ప వస్తువుల్లో మొదటిది కాదు, పదోది కూడా కాకపోవచ్చు. పిల్లల లెక్క వేరు. చరిత్ర తిరగేస్తే మన మ్యూజియంలు నిలబడింది చాలావరకు ఆ పిల్లల లెక్క మీదే. మ్యూజియం పెట్టినవాళ్ళు పాఠం చెబుదామనుకున్నారు. వచ్చినవాళ్ళు వింత చూద్దామనుకున్నారు. నూట డెబ్బై ఏళ్ళుగా ఈ బేరం తెగలేదు.

బేరం మొదలైంది మద్రాసులో. 1851లో అక్కడ ప్రభుత్వ మ్యూజియం తెరిచారు. మద్రాసు లిటరరీ సొసైటీ పోగుచేసిన రాళ్ళు, ఖనిజాలే దానికి పెట్టుబడి. చోటు దొరికింది నుంగంబాక్కంలో, సెయింట్ జార్జి కోట కాలేజీ మేడ మీద. తెలుగువాళ్ళు ఈ కాలేజీ పేరు దగ్గర కాస్త ఆగాలి. ఈస్టిండియా కంపెనీ దొరలకు దేశభాషలు నేర్పడానికి 1812లో పెట్టిన కాలేజీ అది. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం ఆ కాలేజీ చలవే. తెలుగు, తమిళం వగైరా సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిదొక వేరే కుటుంబమని ఎల్లిస్ మొదట వాదించింది ఆ వ్యాకరణానికి 1816లో రాసిన ముందుమాటలోనే. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌన్ తెలుగు అక్షరాలు దిద్దింది కూడా ఆ కాలేజీలోనే. అలాంటి చదువుల మేడ పైన గాజు బీరువాల్లో ఎండిన పురుగులు, గడ్డి కూరిన పక్షులు, ఎముకలు చేరాయి.

మూడేళ్ళకే చోటు చాలక మ్యూజియం ఎగ్మూరులోని పాంథియన్ భవనానికి మారింది. దొరలు, దొరసానులు విందులు, నాట్యాలు చేసుకున్న మేడ అది. మ్యూజియం కాలేజీని వదిలినా జనం నోట కాలేజీ మ్యూజియాన్ని వదల్లేదు. చచ్చిన జంతువులుండే చోటు గనక మద్రాసు తెలుగువాళ్ళు దాన్ని ‘చచ్చిన కాలేజీ’ అన్నారు. తమిళులదీ అదే మాట, వాళ్ళ భాషలో. మరి బతికిన కాలేజీ ఏది? జంతువుల తోట. ఒక ఊళ్ళో పిల్లలకు సెలవు దొరికితే చచ్చిన కాలేజీకి పోదామా, బతికిన కాలేజీకి పోదామా అని పోట్లాడుకునేవారంటే, ఏ కమిటీ కూర్చుని పెట్టినా ఇంత చక్కని పేర్లు పుట్టవు.

ఆ రెండు కాలేజీలూ ఒక తల్లి పిల్లలే. మ్యూజియం మొదటి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ సర్జన్. జనం రాళ్ళ కోసం రారని ఆయనకు త్వరగానే అర్థమైంది. చిరుతపులిని, పులిపిల్లను తెచ్చి మ్యూజియం ఆవరణలో కట్టేస్తే జనం వచ్చారు. వచ్చినవాళ్ళు పులిని చూసి, ఎలాగూ వచ్చాం కదా అని రాళ్ళూ చూసి పోయారు. బాల్ఫోర్ ఊరుకోకుండా ఆర్కాటు నవాబును ఒప్పించి ఆయన దగ్గరున్న జంతువులన్నీ పట్టుకొచ్చాడు. 1855లో మొదలైన ఆ జంతుశాలలో ఏడాది తిరిగేసరికి మూడు వందలకు పైగా ప్రాణులు చేరాయి. పిల్లల్ని మ్యూజియానికి రప్పించే విద్య మన దేశంలో కనిపెట్టింది ఎవరని ఎవరైనా అడిగితే ఈ డాక్టరు పేరు చెప్పవచ్చు. 1863లో జంతువుల్ని పీపుల్స్ పార్కుకు తరలించారు. అది సెంట్రల్ స్టేషను పక్కనే. బెజవాడ నుంచో, నెల్లూరు నుంచో రైలు దిగిన కుటుంబానికి సామాను చేతిలో ఉండగానే సింహం గర్జన వినిపించేంత దగ్గర. నూరేళ్ళు దాటాక 1985లో ఆ జంతువులు వండలూరు చేరాయి.

ఎగ్మూరులో పిల్లలకు గుర్తుండేది తిమింగలం అస్థిపంజరం. మంగళూరు తీరంలో దొరికిన ఆ ఎముకల గూడు కింద నిలబడి తల పైకెత్తని పిల్లవాడుండడు. అదే ప్రాంగణంలో తెలుగు పిల్లలు చూడవలసింది ఇంకొకటుంది. అమరావతి శిల్పాలు. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతి దిబ్బను తవ్వించి పాలరాతి పలకల్ని మద్రాసుకు పంపించాడు. కొన్నేళ్ళపాటు అవి ఎండకు ఎండి వానకు తడిసి మ్యూజియం ముందు పచ్చికలోనే పడి ఉన్నాయి. ఎక్కువ భాగం 1859లో ఓడెక్కి లండన్ పోయింది. అక్కడా వాటిని వెంటనే ఎవరూ పట్టించుకోలేదు. 1867లో ఫెర్గూసన్ అనే పండితుడికి అవి ఒక బండ్ల కొట్టంలో దొరికాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో వాటికి ప్రత్యేకంగా గది ఉంది. లండన్‌లో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు శనివారం పూట పిల్లల్ని అక్కడికి తీసుకెళితే టిక్కెట్టు కొననక్కరలేదు. ‘ఇది మన అమరావతిది’ అని చెబితే ‘మరి ఇక్కడెందుకుంది?’ అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మాత్రం కాస్త ఖరీదైన పని.

మద్రాసు మ్యూజియానికి 1885 నుంచి 1908 దాకా అధికారిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్‌కు ఈ జనం తీరు మీద కొంచెం విసుగు. దేశంలో మ్యూజియానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని తమాషా ఇల్లుగానే చూస్తారని రాశాడు. ఆయన మాటలో నిజముంది. కొత్త బట్టలు కట్టుకుని, పిల్లాజెల్లాతో, పండగ మర్నాడు వచ్చే జనానికి అది తమాషాయే. తప్పేమిటన్నది ఆయన చెప్పలేదు. కలకత్తా మ్యూజియాన్ని జనం జాదూఘర్ అన్నారు, అంటే మాయల ఇల్లు. లాహోరులో అజాయబ్‌ఘర్ అన్నారు, అంటే వింతల ఇల్లు. తెలుగులో పండితులు ‘వస్తు ప్రదర్శనశాల’ అని కూర్చారు. పిల్లల నోట అది పలకనే లేదు. ‘మ్యూజియం’ అనే మిగిలింది.

హైదరాబాదు కథలో తోటే ముందు, మ్యూజియం తర్వాత. బాగ్-ఏ-ఆమ్, ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్. పేరులోనే అందరిదీ అని ఉన్న తోట. నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. దాని తొలి అధిపతి గులాం యజ్దానీ. అజంతా, ఎల్లోరా అప్పట్లో నిజాం రాజ్యంలోవే గనక యజ్దానీకి చేతినిండా పని. తవ్వకాల్లో దొరికినవీ, అజంతా చిత్రాలకు వేయించిన నకళ్ళూ పెట్టడానికి ఇల్లు కావాల్సి వచ్చింది. 1930లో ఈ తోటలోనే హైదరాబాద్ మ్యూజియం మొదలైంది. నాంపల్లి రైల్వే స్టేషను నుంచి నడిచిపోయేంత దూరం. ఆ కాలంలో జంతువులూ ఈ తోటలోనే ఉండేవి. అంటే మద్రాసు వాళ్ళకు వేర్వేరు చోట్ల ఉన్న రెండు కాలేజీలు హైదరాబాదు పిల్లలకు ఒకే గేటు లోపల దొరికాయి. 1938లో ఏటేటా జరిగే నుమాయిష్ ప్రదర్శన పుట్టింది కూడా ఈ పచ్చిక మీదే. తర్వాత అది 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జంతువులు 1963 అక్టోబరులో బహదూర్‌పురా వైపు నెహ్రూ జూపార్కుకు వెళ్ళిపోయాయి. తోటలో మిగిలింది చచ్చిన కాలేజీ ఒక్కటే. దాని పక్కకు 1966లో పిల్లల కోసం జవహర్ బాలభవన్ వచ్చింది.

ఆ మిగిలిన దానికి బాల్ఫోర్ పులి లాంటి పులి ఒకటి దొరికింది. ఈజిప్టు మమ్మీ. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లు పెట్టి కొన్నాడని చెబుతారు. ఆయన దాన్ని ఏడో నిజాంకు ఇస్తే, నిజాం మ్యూజియానికి ఇచ్చేశాడు. రెండు వేల ఏళ్ళు దాటిన శవం. నైషు అనే రాకుమారిది అంటారు. చోళుల కంచు విగ్రహాలు, కాకతీయుల రాళ్ళు, శాతవాహనుల నాణేలు అన్నీ దాటుకుని పిల్లలు నేరుగా ఆ గదికే పరిగెడతారు. తలుపు దగ్గరికి వెళ్ళాక అడుగు ముందుకు పడదు. అన్నయ్య ధైర్యం చేస్తాడు, చెల్లి వెనక నుంచి చొక్కా పట్టుకుని తొంగి చూస్తుంది. ఇంత చిన్నగా ఉందేమిటన్నది పిల్లలందరికీ వచ్చే మొదటి అనుమానం. గాలి తగిలి గుడ్డ పట్టీలు పాడవుతుంటే కొన్నేళ్ళ కిందట మరమ్మతు చేయించి, ప్రాణవాయువు లేకుండా నత్రజని నింపిన గాజు పెట్టెలో పెట్టారు. నైలు ఒడ్డు రాకుమారి హైదరాబాదు ఉక్కపోత నుంచి బతికి బయటపడింది ఆ పెట్టె వల్లే.

అజంతా నకళ్ళ గదిలో మాత్రం ఎప్పుడూ ఖాళీయే. గుహల గోడల మీద రంగులు ఏటికేడాది రాలిపోతుంటే ఆనాటి చిత్రకారులు ఏళ్ళ తరబడి గుహల్లో కూర్చుని గీసిన బొమ్మలవి. మమ్మీని చూసి తిరిగొచ్చే దారిలో అయిదు నిమిషాలు అటు తిరిగితే నష్టం లేదు.

ఇక అసలు సంగతి, సాలార్‌జంగ్.

మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883లో చనిపోయేదాకా హైదరాబాదుకు దివాను. 1876లో ఆయన యూరపు వెళ్ళాడు. అప్పటికి బీరారు ప్రాంతం ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. దాన్ని తిరిగి ఇవ్వమని లండన్‌లో అడగాలన్నది ఆయన మనసులో మాట. దారిలో రోములో ఆగినప్పుడు బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ ఒకటి కొన్నాడు. ముసుగులో ఉన్న రెబెక్కా. బీరారు రాలేదు. రెబెక్కా వచ్చింది. ఆ బొమ్మ ముందు నిలబడ్డ ప్రతి పిల్లవాడూ అడిగేది ఒకటే: ఆ ముసుగు గుడ్డా, రాయా? రాయే అంటే నమ్మరు. ముట్టి చూస్తానంటారు. ముట్టనివ్వరు. రాయిని గుడ్డలా భ్రమింపజేయడం గొప్ప కళ కాదనే విమర్శకులున్నారు. కానీ ఆ అనుమానం పిల్లవాడి బుర్రలో ఇంటికెళ్ళాక కూడా తిరుగుతుందంటే, కళ చేయవలసిన పని అది చేసేసినట్టే.

మొదటి సాలార్‌జంగ్ మనవడు మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్. 1912లో, ఇరవై మూడేళ్ళ వయసులో, ఏడో నిజాంకు దివాను అయ్యాడు. రెండేళ్ళకే ఆ పదవి వదిలేశాడు. పెళ్ళి చేసుకోలేదు. మిగిలిన ముప్ఫై అయిదేళ్ళూ వస్తువులు కొంటూ కూర్చున్నాడు. రాతప్రతులు, కత్తులు, తివాచీలు, చైనా పింగాణీ, ఫ్రెంచి కుర్చీలు, గడియారాలు. నగరానికి ఏ వర్తకుడు వచ్చినా మూటలు విప్పేది ఆయన ఉండే దివాన్ దేవిడీలోనే. ఆయన కొన్నవాటిలో పిల్లల ఆటబొమ్మలూ ఉన్నాయి. బారులు తీరిన లోహపు సిపాయిలు, బొమ్మ రైలు, చీనీ మట్టి బొమ్మలు. తన ఇంట్లో పిల్లలు లేని మనిషి ఊరి పిల్లలందరికీ ఒక గది నిండా బొమ్మలు మిగిల్చి పోయాడు. ఆయన 1949 మార్చిలో పోయాడు.

వారసుడు లేని ఆ ఆస్తి ఏమవ్వాలన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. పోలీసు చర్య జరిగి ఆరు నెలలే అయింది. రాజ్యమే చేతులు మారిన సమయం. వేలం వేసి ఉంటే వస్తువులు నాలుగు దేశాలకు చెదిరిపోయేవి. అప్పటి ముఖ్య పాలనాధికారి వెల్లోడి మ్యూజియం చేద్దామన్నాడు. వేర్వేరు భవనాల్లో చెల్లాచెదురుగా ఉన్న సరుకును వరుస పెట్టే పని జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. ఈ ఐరిష్ కవి తెలుగువాళ్ళకు పాత చుట్టమే. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేశాడు. 1919లో రవీంద్రుడు మదనపల్లె వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఈయనకు అతిథిగా ఉన్నప్పుడే. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. గదుల లెక్క డెబ్బై ఎనిమిది. మ్యూజియం అనడం కన్నా ఒక నవాబు ఇంట్లోకి దొంగచాటుగా తొంగి చూడటం అనాలి. అంతకు మూడేళ్ళ ముందు ఆ గేటు లోపలికి పోయే ఊహే ఎరగని జనం పిల్లల చేతులు పట్టుకుని ఆ గదుల్లో తిరిగారు. నవాబు గారు పడుకున్న మంచం, అన్నం తిన్న పళ్ళెం చూశారు. ఆ తొలి ఏళ్ళలో అసలైన వింత అదేనేమో.

1958లో వారసులతో రాజీ కుదిరి సంగ్రహం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున, వంపు తిరిగిన కొత్త భవనంలోకి అన్నీ మారాయి. రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ దాన్ని తెరిచారు. 43 వేలకు పైగా కళావస్తువులు, తొమ్మిది వేల దాకా రాతప్రతులు, మరెన్నో పుస్తకాలు అక్కడికి చేరాయి. దివాన్ దేవిడీని తర్వాత చాలావరకు పడగొట్టి దుకాణాలు కట్టారు. గేట్లు మాత్రం నిలిచి ఉన్నాయి. మ్యూజియం చూసి చార్మినార్ వైపు వెళ్ళే కుటుంబాలు ఆ గేట్ల పక్కనుంచే పోతాయి. అది ఏ ఇల్లో వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. ఇంత జాగ్రత్తగా సొత్తును కాపాడుకుని, దాన్ని కన్న ఇంటిని పోగొట్టుకోవడం బాధాకరమే.

కొత్త భవనానికి దొరికిన గొప్ప వరం గ్యాలరీలు కావు, చిరునామా. నది అవతలి ఒడ్డున, వంతెన దాటితే, గౌలిగూడ బస్ స్టేషను. 1930ల నాటి ఆ పెద్ద రేకుల షెడ్డు కిందికి జిల్లాల బస్సులన్నీ వచ్చి ఆగేవి. తర్వాత 1994లో మూసీ మధ్య ఇమ్లీబన్‌లో కొత్త బస్ స్టేషను కట్టారు. అదీ మ్యూజియానికి దగ్గరే. పాత షెడ్డు 2018 జులైలో కుప్పకూలింది. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో తెల్లవారుజామున బస్సెక్కిన కుటుంబం దిగగానే ఆటో అక్కర్లేకుండా నడిచి చేరుకోగల ఆనందం ఈ మ్యూజియం ఒక్కటే. ఢిల్లీలోనో, ముంబయిలోనో మ్యూజియం అంటే చదువుకున్నవాళ్ళ వ్యవహారంలా కనిపిస్తుంది. ఇక్కడ వరుసలో తలపాగా తాత ఉంటాడు, బుర్ఖా వేసుకున్న అమ్మమ్మ ఉంటుంది, బడి యూనిఫారంలో రెండు జడల పిల్లలు బారులు తీరి ఉంటారు. దీనికి కారణం సాంస్కృతిక విధానమేమీ కాదు, బస్ స్టేషను.

అలా పుట్టిన ఒక్కరోజు యాత్రకు తనదైన క్రమం ఏర్పడింది. పొద్దున సాలార్‌జంగ్, మధ్యాహ్నం చార్మినార్ కింద గాజులు, సాయంత్రం జూ లేదా బిర్లా మందిర్. ఇంట్లోంచి పులిహోర, పెరుగన్నం స్టీలు క్యారియర్లో వస్తాయి. సంచులు లోపలికి రానివ్వరు గనక క్యారియర్ బయట కౌంటరు దగ్గర టోకెనుకు లొంగిపోతుంది. లోపల మొదటి అరగంట తండ్రి ప్రతి పలకా చదివి వినిపిస్తాడు. రెండో అరగంటలో పలకలు మానేసి గబగబ నడిపిస్తాడు. మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా కర్ర బొమ్మ దగ్గర మళ్ళీ ఊపు వస్తుంది. ఒకే మొద్దులో ముందు వైపు గర్వంగా నిలబడిన దయ్యం, వెనక వైపు తలవంచుకున్న అమ్మాయి. వెనక పెట్టిన అద్దంలో అమ్మాయి కనబడుతుంది. పిల్లలు ముందుకీ వెనక్కీ పరిగెత్తి ఇద్దరూ నిజంగా ఒక్కటేనా అని తేల్చుకుంటారు. మూడో అరగంటలో ఎవరో ఒకరికి దాహం, ఇంకొకరికి ఒంటేలు. అప్పటికి గడియారం వేళవుతుంది.

ఈ క్రమంలో ‘ముట్టవద్దు’ అనే మాట కనీసం యాభై సార్లు వినబడుతుంది. ఆ మాట వినిపించని చోట్లు కొంచెం ఆలస్యంగా వచ్చాయి. 1985లో ఎన్.టి. రామారావు నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం తెరిచారు. కొన్నేళ్ళకు పక్కనే సైన్సు మ్యూజియం వచ్చింది. మీట నొక్కితే తిరుగుతుంది, చెయ్యి పెడితే జుట్టు లేచి నిలబడుతుంది. అక్కడే రాక్షసబల్లి ఒకటి ఉంది. ఇది సినిమాల నుంచి రాలేదు, అప్పటి ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చింది. యామన్‌పల్లి దగ్గర భూవిజ్ఞాన సర్వే వారికి వందల ఎముకలు దొరికాయి. వాటిని కూర్చి నిలబెడితే తల నుంచి తోక దాకా 44 అడుగులు తేలింది. 1988లో దానికి పేరు పెట్టినప్పుడు ఊరి పేరు కూడా అందులో కలిసింది: కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పిల్లలకు డైనోసార్ పేర్లు పెద్దలకన్నా బాగా నోటికొస్తాయి. వాటిలో ఒకటి తెలంగాణ పల్లెదని వాళ్ళలో ఎందరికి తెలుసో.

ఆంధ్రా వైపు పిల్లలకు ఇంకో వరస. బెజవాడలో 1887లో విక్టోరియా రాణి జూబిలీకని పునాది వేసిన మ్యూజియం 2020 నుంచి బాపు పేరుతో ఉంది. పిల్లల్ని ఎక్కువగా లాగేది మాత్రం విశాఖ బీచి ఒడ్డున ఇసుక మీదకు ఎక్కించిన జలాంతర్గామి. ఐఎన్ఎస్ కురుసుర 1969లో సోవియట్ రేవు రీగాలో మన నౌకాదళంలో చేరింది. 2001లో విధులు మాని, 2002లో మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవు, లోపల మనిషి పక్కకు తప్పుకోవడానికి చోటుండదు. నౌకాదళంలో పనిచేసి దిగిపోయిన పెద్దవాళ్ళు దగ్గరుండి చెబుతారు: ఇక్కడ పడుకునేవాళ్ళం, ఇక్కడ వంట. డెబ్బైమందికి పైగా నావికులు ఈ గొట్టంలో నెలల తరబడి ఉండేవారని విన్నాక, అద్దె ఇల్లు ఇరుకని రోజూ సణిగే పిల్లవాడు కాసేపు నోరు మూసుకుంటాడు. అద్దాల బీరువా లేని మ్యూజియం అది. వస్తువు లోపలికి మనమే పోవాలి.

మళ్ళీ హైదరాబాదు. పురానీ హవేలీలో 2000లో తెరిచిన నిజాం మ్యూజియానికి కుటుంబాలు తక్కువ వెళతాయి. వెళ్ళినవాళ్ళు ఆరో నిజాం బట్టల బీరువా చూసి నోరు తెరుస్తారు. 176 అడుగుల పొడవు, రెండంతస్తులు. వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. 2018 సెప్టెంబరులో ఈ మ్యూజియంలోకి వెంటిలేటరు గుండా తాడు కట్టుకుని దొంగలు దిగారు. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా పట్టుకుపోయారు. పదిరోజుల్లో పోలీసులు పట్టుకున్నారు. దొంగల్లో ఒకడు ఆ బాక్సులో అన్నం పెట్టుకుని తిన్నాడని వాళ్ళే చెప్పారు. ఆ మూడంతస్తుల బాక్సును నిజాం ఏ రోజైనా వాడాడో లేదో! ఈ కథ చెప్పాక ఆ గాజు పెట్టె ముందు నిలబడ్డ పిల్లలకు వేరే వివరం అక్కర్లేదు.

పెద్దలకు ఎప్పుడూ ఒక అసంతృప్తి ఉంటుంది. ఇంత దూరం తీసుకొచ్చాం, వీడు గడియారం తప్ప ఏమీ చూడలేదు అని. అది థర్‌స్టన్ పడిన అసంతృప్తే. నలభై మూడు వేల వస్తువుల్లో ఒక పిల్లవాడు ఒక పూటలో మూడింటిని గట్టిగా చూస్తే అది పెద్ద లెక్కే. పెద్దలు కూడా ఇంటికెళ్ళాక చెప్పేది ఆ మూడే. పన్నెండేళ్ళకు ఒకసారి రావడం కన్నా ఏడాదికి రెండుసార్లు వచ్చి తలో గంట ఉండటం మేలు. నగరంలో ఉన్నవాళ్ళకైనా ఆ వీలుంది. వాళ్ళే తక్కువ వెళతారు.

వెళ్ళదలచుకున్నవారికి రెండు ముక్కలు. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో పొద్దున పదింటికి తెరుస్తారు. పిల్లలకు పన్నెండు దెబ్బలే వినాలని ఉంటే పదకొండున్నరకల్లా బల్ల మీద చోటు పట్టాలి. చంకలో చంటిపిల్ల ఉంటే పదకొండు గంటల ఆట చూడండి. దెబ్బ ఒక్కటే తక్కువ, జనం మాత్రం బాగా తక్కువ.